పండుగనాడే పిడుగుపాటు

2025 డిసెంబరు 14, ఆదివారం. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరం, బాండీ సముద్రతీరం. యూదుల దీపాల పండుగ హనుక్కా ఆ సాయంత్రమే ఆరంభమైంది. పిల్లాపాపలతో, వృద్ధులతో వందలాది కుటుంబాలు మొదటి దీపం వెలిగించడానికి అక్కడ చేరాయి. ఇద్దరు వ్యక్తులు వారిపై తుపాకులతో విరుచుకుపడ్డారు. పదిహేను నిండు ప్రాణాలు పోయాయి. వారిలో పదేళ్ల బాలిక ఉంది. హిట్లర్ కాలపు మారణకాండను బాల్యంలో తప్పించుకుని బతికి బట్టకట్టిన వృద్ధుడూ ఉన్నాడు.

అంతకు రెండు నెలల ముందు, అక్టోబరు 2న, ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో యూదుల ప్రార్థనామందిరంపై దాడి జరిగి ఇద్దరు మరణించారు. ఆనాడు యోమ్ కిప్పూర్, అంటే యూదులు రోజంతా ఉపవసించి చేసిన తప్పులకు దైవాన్ని క్షమాపణ వేడుకునే ప్రాయశ్చిత్త దినం. వారికి ఏడాదిలో అంతకంటె పవిత్రమైన రోజు లేదు.

క్రైస్తవుల విషయానికి వద్దాం. 2017లో ఈజిప్టులోని రెండు చర్చిలలో బాంబులు పేలినది మట్టల ఆదివారం నాడు. 2019లో శ్రీలంకలో మూడు చర్చిలతో పాటు హోటళ్లలోనూ 250 మందికి పైగా బలైనది ఈస్టర్ ఉదయాన. 2022లో నైజీరియాలోని ఓవో పట్టణంలో ఆరాధకులపై తుపాకులు పేలినది పెంతెకొస్తు పండుగ నాడు. 2025 జూన్ 22న సిరియా రాజధాని డమాస్కస్‌లోని మార్ ఎలియాస్ చర్చిలో ఆత్మాహుతి దాడి జరిగినదీ ఆదివారం ఆరాధన వేళనే.

పాఠక మహాశయులారా! ఈ తేదీలను ఒకచోట చేర్చి చూసినప్పుడు మనకు తోచవలసిన ప్రశ్న ఒకటుంది. ఇన్ని దేశాలలో, వేర్వేరు చేతులు చేసిన ఈ దాడులన్నీ పండుగనాడే ఎందుకు జరిగాయి?

జనం గుమిగూడే వేళ

మొదటి కారణం అందరికీ తెలిసినదే. పండుగకు తిథి నియతంగా ఉంటుంది. ఏ రోజున, ఏ గంటకు, ఎంతమంది ఎక్కడ కూడుతారో శత్రువు ముందుగానే లెక్కకట్టుకోగలడు. ఆలయానికి వచ్చినవారు నిరాయుధులు. ప్రార్థనలో ఉన్నవాని చూపు వీధి వైపు ఉండదు.

రెండవ కారణం దీనికంటె లోతైనది. పండుగ అనేది ఒక జాతి తన జ్ఞాపకాన్ని దాచుకునే పేటిక. తాత మనుమనికి కథ చెప్పేది ఆనాడే. తల్లి కూతురికి ఆచారం నేర్పేదీ ఆనాడే. ఆ రోజున రక్తం చిందిస్తే మరుసటి ఏడు అదే తిథి రాగానే ఆ తల్లి గుండె జంకుతుంది. పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్లాలా, ఇంట్లోనే ఉంచాలా అని తటపటాయిస్తుంది. దుండగుడు కోరేది ఆ తటపటాయింపునే. ఆనాడు చంపినది పదిహేను మందినే కావచ్చు, అతడు గురి పెట్టినది ఇకముందు రావలసిన తరాలపై.

జర్మనీలోని హాలె నగరంలో 2019 అక్టోబరు 9న జరిగినది ఇక్కడ చెప్పుకోవాలి. అదీ యోమ్ కిప్పూర్ రోజే. ఒక జాత్యహంకారి తుపాకులతో, పేలుడు పదార్థాలతో యూదు ప్రార్థనామందిరం మీదికి వచ్చాడు. లోపల సుమారు యాభై మంది ఉన్నారు. వారిని కాపాడినది తాళం వేసి ఉన్న ఒక గట్టి చెక్క తలుపు. ఎంత ప్రయత్నించినా అది ఊడిరాలేదు. అతడు వెనుదిరిగి, ఏ పాపమూ ఎరుగని మరో ఇద్దరి ప్రాణాలు తీశాడు. లోపలివారిని పోలీసులు ఆసుపత్రికి తరలిస్తే, వారు ఉపవాసదీక్షను విడువక ఆ ఆసుపత్రిలోనే చివరి ప్రార్థన ముగించారు. గుండ్ల దెబ్బలు తిన్న ఆ తలుపును ఇప్పుడు మందిర ప్రాంగణంలో స్మారకంగా నిలిపారు.

జీవితమంతా ఆలయ ద్వారం తెరవడమే వృత్తిగా గడిపినవాడిని కనుక ఆ తలుపు గురించి చదివినప్పుడు నా మనసు చివుక్కుమన్నది. తలుపు మూసి ఉండటం వల్ల యాభై మంది బతికారు, సంతోషమే. కాని దేవుని సన్నిధికి వచ్చినవాని మొహం చూసి గడియ తీయాలా వద్దా అని తేల్చుకోవలసిన రోజు వచ్చిందంటే, ఒక్క ప్రాణం పోకపోయినా ఆ మందిరానికి గాయమైనట్టే.

పీడనలోనే పుట్టిన దీపాలు

ఈ దుర్మార్గం ఈనాటిది కాదు. హనుక్కా పండుగ పుట్టుకే అందుకు సాక్ష్యం. క్రీ.పూ. 167లో సిరియా ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజు నాలుగవ అంటియోకస్ యూదుల విశ్రాంతిదినాన్ని నిషేధించాడు. వారి ధర్మగ్రంథాలను తగులబెట్టించాడు. యెరూషలేము దేవాలయంలో అన్యదైవానికి బలిపీఠం పెట్టించాడు. మూడేళ్ల తరువాత, క్రీ.పూ. 164లో, యూదా మక్కబీ అనే వీరుని నాయకత్వంలో యూదులు ఆలయాన్ని తిరిగి గెలుచుకుని శుద్ధి చేశారు. ఆ పునఃప్రతిష్ఠకు గుర్తే హనుక్కా. ఎనిమిది రాత్రుల పాటు రోజుకొక్క దీపం పెంచుతూ వెలిగిస్తారు. బాండీ తీరంలో మొదటి దీపం నాడు ఘోరం జరిగింది. మరునాటి సాయంత్రం శోకిస్తూనే జనం అక్కడికే వచ్చి రెండవ దీపం వెలిగించారు.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేమును ముట్టడించినది పస్కా పండుగకు యాత్రికులతో నగరం కిటకిటలాడుతున్న సమయంలో. ఆ ఏడే దేవాలయం దగ్ధమైంది. అది మళ్లీ లేవలేదు. బలులు ఆగిపోయాయి, యాజకుల సేవ ఆగిపోయింది. ఆలయమే సర్వస్వమైన మతానికి ఆలయం లేకుండా పోతే ఏమి మిగులుతుంది? ఆ ప్రశ్నకు యూదులు ఇచ్చిన సమాధానం చరిత్రలోనే అరుదైనది. యోహనాన్ బెన్ జక్కయ్ అనే ఆచార్యుడు యవ్నె అనే ఊళ్లో విద్యాపీఠం నిలిపాడు. ఆలయంలో జరిగిన ఆరాధన అధ్యయనంలోకి, ప్రార్థనలోకి, గృహస్థుని భోజనపు బల్ల మీదికి తరలివచ్చింది. గురుముఖతః వల్లెవేసిన ధర్మసూత్రాలను క్రీ.శ. 200 ప్రాంతంలో యూదా హనాసీ అనే పండితుడు మిష్నా పేర కూర్చాడు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు ఇల్లాలు వెలిగించే దీపం ఆ ఇంటినే ఆలయం చేసింది.

దుఃఖాన్ని సైతం వారు పంచాంగంలో చేర్చారు. ఆవ్ మాసపు తొమ్మిదవ నాడు యూదులు ఉపవసించి, నేల మీద కూర్చుని, రెండుసార్లు కూలిన తమ ఆలయాన్ని తలచుకుని విలపిస్తారు. తరువాతి కాలపు ఆపదలు, 1492లో స్పెయిన్ నుండి జరిగిన బహిష్కారంతో సహా, ఆ రోజు స్మరణలోనే చేరాయి.

క్రైస్తవులదీ తొలి మూడు శతాబ్దాలు ఇటువంటి కథే. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ వారిపై మహాపీడనను ఆరంభించడానికి ఎంచుకున్న రోజు క్రీ.శ. 303 ఫిబ్రవరి 23. అది రోమనుల పండుగ రోజు, సరిహద్దుల దేవత అయిన టెర్మినస్‌ను కొలిచే దినం. క్రైస్తవానికి ఇక సరిహద్దు గీశామని చాటడానికే ఆ రోజును ఎన్నుకున్నారు. నికొమీడియా నగరంలోని చర్చిని నేలమట్టం చేశారు. మరునాడు చర్చిలు కూల్చాలని, గ్రంథాలు తగులబెట్టాలని రాజశాసనం వెలువడింది.

ఈజిప్టులోని కాప్టిక్ క్రైస్తవులు ఆ పీడనకు చెప్పిన బదులు చూడండి. డయోక్లీషియన్ సింహాసనమెక్కిన క్రీ.శ. 284 నుండి వారు తమ సంవత్సరాలను లెక్కిస్తారు. ఆ లెక్కకు వారు పెట్టుకున్న పేరు హతసాక్షుల శకం. చంపినవాని పేరు మరుగున పడింది, చనిపోయినవారి స్మృతి శకంగా నిలిచింది. 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రతీరాన ఇస్లామిక్ స్టేట్ ముష్కరులు 21 మంది క్రైస్తవ కూలీలను గొంతు కోసి చంపారు. వారిలో ఇరవైమంది ఈజిప్షియన్లు, ఒకరు ఘనా దేశస్థుడు. కాప్టిక్ చర్చి వారి పేర్లను తన పంచాంగంలో చేర్చుకుంది. 2023లో పోప్ ఫ్రాన్సిస్ కూడా వారిని రోమన్ కాథలిక్కుల హతసాక్షుల పట్టికలో చేర్చారు.

పీడితులే పీడకులైన వేళ

ఇంతవరకు చదివి, పీడితులు ఒకవైపు, పీడకులు మరొకవైపు అని మనం తేల్చుకుంటే చరిత్రలో సగమే చదివినట్లవుతుంది. రెండవ సగం చేదుగా ఉంటుంది.

క్రీ.శ. 313లో రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవులకు ఆరాధనా స్వేచ్ఛ లభించింది. 380లో వారి విశ్వాసమే రాజధర్మమైంది. 388లో, అంటే మరో ఎనిమిదేళ్లకే, నేటి సిరియాలోని రక్కా ఉన్నచోట, కాలినికం అనే పట్టణంలో, అక్కడి బిషప్ ప్రోద్బలంతో ఒక గుంపు యూదుల మందిరాన్ని తగులబెట్టింది. చక్రవర్తి థియొడోసియస్ న్యాయంగానే దానిని తిరిగి కట్టించాలని ఆజ్ఞాపించాడు. మిలాన్ నగర బిషప్ అంబ్రోస్ మహాపండితుడు. ఆయన ఆ ఆజ్ఞను వెనక్కు తీసుకుంటానని మాట ఇస్తే తప్ప ఆరాధన ముందుకు సాగదని చక్రవర్తిని చర్చిలోనే నిలదీశాడు. చక్రవర్తి తలవంచాడు. తాతల కాలంలో తమ మందిరాలు కూలితే కన్నీరు పెట్టినవారు, పొరుగువాని మందిరం కాలితే అది అపరాధమే కాదన్నారు.

తరువాతి శతాబ్దాలలో ఐరోపాలోని యూదులకు క్రైస్తవుల పవిత్రవారమే భయాల కాలమైంది. క్రీస్తును చంపినది యూదులేనని గుడ్ ఫ్రైడే నాడు వేదికల నుండి వినవచ్చేది. ఆ మాటలు విని బయటికి వచ్చిన గుంపులు యూదుల వాడల మీద పడేవి. దీనికి తోడు, యూదులు క్రైస్తవ బాలురను చంపి రక్తం వాడుతారన్న పచ్చి అబద్ధం 12వ శతాబ్దంలో ఇంగ్లండులోని నార్విచ్‌లో పుట్టి దేశదేశాలకు పాకింది. 1903లో, నాటి రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ నగరంలో, ఒక స్థానిక పత్రిక అదే అబద్ధాన్ని అచ్చువేసి రగిలించింది. ఈస్టర్ ఆదివారం నాడు మొదలైన అల్లర్లలో 49 మంది యూదులు హతులయ్యారు. హిట్లర్ సిద్ధాంతం క్రైస్తవ బోధ కాదు. కాని అరవై లక్షల మంది యూదులను పొట్టనబెట్టుకున్న ఆ ఘోరానికి నేల దున్నినది శతాబ్దాల ఆ ద్వేషబోధే అని తరువాతి కాలపు క్రైస్తవ పెద్దలే అంగీకరించారు.

అన్ని చోట్లా అందరూ అలా ఉన్నారనడమూ న్యాయం కాదు. 1096లో మొదటి క్రూసేడు గుంపులు రైన్ నదీతీర నగరాలలో యూదులను ఊచకోత కోసినప్పుడు, స్పేయర్ నగర బిషప్ వారికి ఆశ్రయమిచ్చి చాలామందిని కాపాడాడు. వోర్మ్స్, మైంజ్ నగరాలలో మాత్రం వందలాది ప్రాణాలు పోయాయి. గ్రంథం ఒక్కటే, పదవి ఒక్కటే. కాపాడినదీ, కాపాడలేకపోయినదీ ఆయా మనుషులు.

ఒక మాటను దిద్దిన కథ

నేను ఈ వ్యాసం రాయడానికి ముఖ్యకారణం ఇక్కడ ఉంది. ఆ ద్వేషబోధను దిద్దడం సాధ్యమని ఇరవయ్యో శతాబ్దం నిరూపించింది.

జూల్ ఇజాక్ ఫ్రెంచి చరిత్రకారుడు, యూదుడు. ఆయన భార్య, కుమార్తె ఆష్విట్జ్ మృత్యుశిబిరంలో హతులయ్యారు. ఆ దుఃఖంలో ఆయన ప్రతీకారం కోరలేదు. క్రైస్తవ బోధలో యూదుల గురించి ఏమి చెబుతున్నారో, మూలగ్రంథాలలో నిజంగా ఏమున్నదో పక్కపక్కన పెట్టి పరిశీలించి గ్రంథాలు రాశాడు. 1960లో, ఎనభై ఏళ్లు దాటిన వయస్సులో, పోప్ ఇరవై మూడవ జాన్‌ను కలిసి తన వినతి వినిపించాడు. ఆ పోప్ అంతకు ముందే, 1959లో, గుడ్ ఫ్రైడే ప్రార్థనలో యూదులను విశ్వాసహీనులని నిందించే మాటను తొలగించారు. 1965 అక్టోబరు 28న వాటికన్ మహాసభ, క్రీస్తు మరణానికి నాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని దోషులనరాదని ప్రకటించింది. 1986లో పోప్ రెండవ జాన్ పాల్ రోమ్ నగరంలోని యూదుల మందిరంలో అడుగుపెట్టారు.

మహాశయులారా, వేదికపై శతాబ్దాలుగా పలికిన మాటను మార్చడం ఎంత కష్టమో అర్చకులకు తెలుస్తుంది. తరతరాలుగా వస్తున్న పాఠంలో ఒక స్వరం తప్పితేనే మనం సహించం. అటువంటిది, ఒక మహాసంస్థ తన ఆరాధనలోని ఒక మాట మనుషుల ప్రాణాలు తీస్తున్నదని గ్రహించి దానిని తీసివేసింది. సంప్రదాయం అందువల్ల బలహీనపడలేదు.

బాగ్దాదు చెప్పే పాఠం

ద్వేషం ఒక్క సమాజంతో ఆగదనడానికి ఇరాక్ దేశమే నిదర్శనం. బాగ్దాదులో యూదులు రెండున్నర వేల ఏళ్ల నాటి మూలాలు ఉన్నవారు. 1941 జూన్ 1, 2 తేదీలలో, వారు సీనాయి పర్వతం మీద ధర్మశాస్త్రం లభించిన సందర్భాన్ని స్మరించే షవూత్ పండుగ జరుపుకుంటుండగా, వారి ఇళ్లమీద గుంపులు పడ్డాయి. 150 మందికి పైగా చనిపోయారు. 1950, 51 సంవత్సరాలలో సుమారు లక్షా ఇరవై వేలమంది యూదులు ఆ దేశాన్ని విడిచి వెళ్లారు. ఆ పొరుగు ఖాళీ అయింది. తరువాత వంతు క్రైస్తవులకు వచ్చింది. 2014 ఆగస్టు 6న క్రైస్తవులు క్రీస్తు దివ్యరూప ప్రకాశ పండుగ జరుపుకున్నారు. ఆ రాత్రే ఇస్లామిక్ స్టేట్ దండు రావడంతో కరకోష్ పట్టణం నుండి వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో పారిపోయాయి. వారు మాట్లాడేది ఏసుక్రీస్తు పలికిన అరమాయికు నుండి పుట్టిన భాష. 2021 మార్చిలో పోప్ ఫ్రాన్సిస్ ఆ ఊరికి వెళ్లి, కాలిపోయి తిరిగి నిలిచిన చర్చిలో ప్రార్థించారు. కొందరు తిరిగి వచ్చారు, చాలామంది రాలేదు.

మన తీరాన

మన దేశంలో కొచ్చి రాజులు యూదులకు తమ కోట పక్కనే స్థలమిచ్చారు. 1568లో అక్కడ వెలసిన పరదేశి సినగాగ్, రాజుగారి ఆలయం పక్కపక్కనే ఉన్నాయి. 1662లో ఆ సినగాగ్‌ను ధ్వంసం చేసినవారు పోర్చుగీసువారు. అదే పోర్చుగీసు మతాధికారులు 1599లో ఉదయంపేరూరు సభ నడిపి, కేరళలోని ప్రాచీన సిరియను క్రైస్తవుల గ్రంథాలను సైతం కాల్పించారు. క్రైస్తవులను క్రైస్తవులే బాధించిన ఉదంతమిది.

మన రాజుల ఔదార్యానికి మనం గర్వించవచ్చు. ఆ గర్వం నిలవాలంటే అటుపైన జరిగినదీ చూడాలి. ఒడిశాలోని కంధమాల్‌లో 2007 క్రిస్మస్ వేళ అల్లర్లు చెలరేగి చర్చిలు కాలాయి. 2008 ఆగస్టు 23న, కృష్ణాష్టమి వేడుకల సమయంలో, స్వామి లక్ష్మణానంద సరస్వతిని, మరో నలుగురిని ఆశ్రమంలోనే కాల్చిచంపారు. ఆ పని తమదేనని మావోయిస్టులు ప్రకటించారు. ఆ తరువాత ఆ హత్యతో సంబంధం లేని క్రైస్తవ కుటుంబాలపై వారాల తరబడి దాడులు జరిగాయి, సుమారు నలభై మంది చనిపోయినట్లు ప్రభుత్వమే లెక్కించింది. అక్కడా ఒక పండుగ, ఇక్కడా ఒక పండుగ. రెండు వైపులా కన్నీరు ఒక్కటే ఉప్పన.

ఎవరి కర్మకు ఎవరు కర్తలు

ఈనాడు యూదులపై దాడులను సమర్థించేవారు గాజా యుద్ధాన్ని చూపుతారు. 2023 అక్టోబరు 7న, యూదుల సిమ్హాత్ తోరా పండుగ ఉదయాన, హమాస్ ఇజ్రాయేలుపై దాడి చేసి సుమారు 1,200 మందిని చంపింది. ఆ పైన జరిగిన యుద్ధంలో గాజాలో పదులవేల మంది పాలస్తీనియులు మరణించారు. వారిలో పసిపిల్లలు ఎందరో. అక్కడి చర్చిలో తలదాచుకున్న క్రైస్తవులూ బాంబులకు బలయ్యారు. ఆ ప్రాణాల కోసం దుఃఖించని హృదయం హృదయం కాదు. ఒక ప్రభుత్వం చేసిన పనిని నిలదీయడం పౌరధర్మమే. కాని ఆ లెక్కను సిడ్నీలో దీపం వెలిగిస్తున్న పదేళ్ల పాప నుండి వసూలు చేయడానికి ఏ ధర్మమూ ఒప్పదు. కర్మకు ఫలం కర్తదేనన్నది మనం నిత్యం చెప్పుకునే మాటే కదా.

ఈ సూత్రం మనకూ వర్తించే సందర్భం బాండీలోనే ఎదురైంది. కాల్పులు జరిపారని పోలీసులు చెప్పిన తండ్రీకొడుకులలో తండ్రి 1998లో హైదరాబాదు నుండి వలస వెళ్లినవాడని తెలంగాణ పోలీసులు ప్రకటించారు. అతని ద్వేషానికి ఇక్కడి ప్రభావం కారణంగా కనిపించలేదనీ చెప్పారు. ఆ పాపం హైదరాబాదుకు అంటదు, అతని మతస్థులందరికీ అంటదు. ఆనాడు ఒట్టి చేతులతో వెళ్లి ఒక దుండగుని తుపాకి లాక్కుని, తాను గాయపడి, ఎందరినో కాపాడినవాడు సిరియాలో పుట్టిన ఒక ముస్లిం పండ్ల వ్యాపారి.

కావున పాఠకులకు నా విన్నపం రెండే మాటలు. మీ వీధిలో అన్యమతస్థుల పండుగ వచ్చినప్పుడు వారి గడప దగ్గర నిలబడి పలకరించండి. నలుగురు పొరుగువారు కనిపించే చోటికి పిల్లవాణ్ణి వెంట తీసుకురావడానికి తల్లి వెనుకాడదు. రెండవది, మన పండుగనాడు మన వేదికల మీద ఏమి మాట్లాడుతున్నారో చెవి పెట్టి వినండి. దైవస్తుతి ముగిసి పరనింద మొదలైతే, ఎంత పెద్దవారు మాట్లాడుతున్నా సరే, సభ ముగిశాక వెళ్లి వినయంగా అది తగదని చెప్పండి. కిషినేవ్‌లో ఆనాడు ఆ పని చేసే మనిషి లేకపోయాడు. రోమ్‌లో ఒక వృద్ధుడు వెళ్లి చెప్పాడు, విన్నవారు దిద్దుకున్నారు.